ఆర్‌ఎక్స్ 100 ముందు భాగం ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం: మొదటి పానా నుంచి టెస్ట్ రైడ్ దాకా

షాకప్ సీల్ మార్పించినా నెల తిరక్కుండానే మళ్లీ ఆయిల్ కారుతోంది. హ్యాండిల్ సరిగ్గా మధ్యలోకి రాగానే పట్టేసినట్టు ఆగుతోంది. ఫ్రంట్ బ్రేక్ ఎంత నొక్కినా ఉన్నట్టే లేదు. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. మూడింటికీ ఒకటే పని: ముందు భాగం మొత్తం ఒకసారి విప్పి, కొలిచి, అరిగినవి మార్చి, వరస తప్పకుండా మళ్లీ బిగించడం. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి మీ దగ్గరున్నది ఎంత "లేటెస్ట్ మోడల్" అయినా దాని ఫోర్కులకి (ముందు షాకప్‌లకి) దాదాపు ముప్పై ఏళ్ల వయసు ఉంటుంది. ఒక్క సీల్ మార్చి సరిపెట్టుకునే దశ ఎప్పుడో దాటిపోయింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. చాలామంది పనిని తలకిందులుగా చేస్తారు. మొదట క్రోమ్, పెయింట్ చేయించి ఫొటోలు పెట్టి, తర్వాత బిగించేటప్పుడు ఫోర్క్ పైపు వంకర ఉందని తెలుసుకుంటారు. అప్పుడు కొత్త పెయింట్ మీదే సుత్తి పడుతుంది. కొలతలు ముందు, రిపేర్ తర్వాత, రంగులు అన్నిటికంటే చివర. కింద రాసిందంతా ఈ లెక్కలోనే ఉంటుంది.

యెజ్డీ, బుల్లెట్ వాళ్లకి కూడా పద్ధతి చాలావరకు ఇదే కానీ బోల్టులు, కొలతలు, విప్పే చోట్లు వేరు. వాళ్లు తమ బండి మాన్యువల్ పక్కన పెట్టుకుని చదవండి.

## 1. విప్పకముందే చూడాల్సినవి

బండి నడుస్తున్న స్థితిలో ఉంటే అది చెప్పేది విప్పాక చెప్పదు. అందుకని పానా పట్టేముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

- రెండు ఫోర్క్ పైపుల మీదా సన్నని జిప్ టై ఒకటి, సీల్‌కి ఆనేలా కట్టండి. గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ ఉన్న రోడ్డు మీద ఒక రౌండ్ వేసి రండి. జిప్ టై ఎంత పైకి జరిగిందో అక్కడికి మార్కర్‌తో గీత పెట్టి ఫొటో తీసుకోండి. సీల్ తిరిగే మేర అంతే. పైపు మీద తుప్పు ఆ మేరలో ఉందా, పైన ఉందా అన్నదాన్ని బట్టి మీ ఖర్చు మారిపోతుంది.
- సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు వీల్ గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (మెడలో హ్యాండిల్ తిరగడానికి ఉండే బాల్స్, అవి దొర్లే రింగులు, అంటే రేసులు) పోయినట్టే.
- ఫోర్క్ బాటమ్‌లు (పైపు దిగే కింది అల్యూమినియం గొట్టాలు) రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. పైన మెడ దగ్గర టక్‌మంటే కోన్ సెట్ లూజ్. కింద, పైపూ బాటమూ కలిసేచోట కదలిక ఉంటే ఫోర్క్ లోపల అరుగుదల.
- వీల్ తిప్పి రిమ్ పక్కకి ఎంత ఊగుతుందో చూడండి. ఫోర్క్‌కి ఒక పుల్ల కట్టి దాని కొన రిమ్ దగ్గరగా పెడితే చాలు. పక్కకైనా పైకీకిందకీ అయినా 2 మి.మీ. దాటకూడదు.
- వీల్ అంచుని పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఆడితే బేరింగులు.
- కాస్త దూరంగా వెళ్లి ముందు నుంచి చూడండి. హ్యాండిల్ తిన్నగా పట్టుకున్నా వీల్ పక్కకి చూస్తుంటే బండి ఎప్పుడో గుద్దుకుంది, అమ్మినవాడు చెప్పలేదు.

ఇక హెడ్‌లైట్ డూమ్ తెరిచి లోపలి వైర్లని నాలుగువైపుల నుంచి ఫొటోలు తీయండి. ఏ రంగు వైరు ఏ రంగుకి కలిసిందో ప్రతి జాయింట్‌కి టేపు ముక్క అంటించి రాయండి. ముప్పై ఏళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు చేయి పెట్టారో తెలియదు కాబట్టి రంగులు కంపెనీ బొమ్మలో ఉన్నట్టే ఉంటాయని అనుకోవద్దు.

## 2. సామాను

ఇవి లేకుండా మొదలుపెట్టి మధ్యలో షాపుకి పరిగెత్తకండి:

- 8 నుంచి 19 మి.మీ. దాకా రింగ్ పానాలు, సాకెట్లు
- పొడుగు అలెన్ కీలు, వీలైతే సాకెట్‌కి పట్టేవి
- కోన్ సెట్ రింగ్ నట్‌కి సీ-స్పానర్
- సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్
- రబ్బర్ సుత్తి, మామూలు సుత్తి, పాత ఇత్తడి కడ్డీ ఒకటి
- వెర్నియర్, ఫీలర్ గేజ్, టార్క్ రెంచ్
- అద్దాల షాపులో మందపాటి గాజు పలక ముక్క, ఫోర్క్ పైపు అంత పొడుగు
- ఫోర్క్ పైపు మీద వదులుగా జారేంత పీవీసీ పైపు ముక్క
- 100 మి.లీ. సిరంజి లేదా కొలత గ్లాసు
- కిరోసిన్, లిథియం గ్రీజ్, ఫోర్క్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే
- 400, 800, 1200, 2000 నంబర్ ఎమరీ పేపర్
- జిప్ కవర్లు, మార్కర్, మాస్క్, కళ్లద్దాలు

స్క్రూల సంగతి ఒకటి. జపాన్ డిజైన్ బండ్లలో ప్లస్ స్క్రూల గాడి మన మామూలు స్క్రూడ్రైవర్‌కి పూర్తిగా సరిపోదు. కొన సగమే దిగి, తిప్పగానే జారి గాడి అరగదీస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్న డ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు.

స్పేర్లకి హైదరాబాద్‌లో పుత్లీబౌలి, బేరింగులూ పనిముట్లకి సికింద్రాబాద్ రాణిగంజ్. విజయవాడ చుట్టుపక్కల వాళ్లకి ఆటోనగర్ ఉండనే ఉంది. దొరకని పాత సామానుకి ఢిల్లీ కరోల్‌బాగ్, చెన్నై పుదుపేట నుంచి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ కొన్నా పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి కొలవండి. "ఆర్‌ఎక్స్ అన్నిటికీ ఇదేనండి" అనే మాటకి బిల్లు కట్టకండి.

## 3. బండిని కదలకుండా నిలబెట్టడం

ముందు వీల్, ఫోర్క్ తీసేశాక బరువంతా వెనక్కి వెళ్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అయితే మీరు మెడ దగ్గర రేస్ కొట్టి తీసేటప్పుడు ఆ దెబ్బలకి బండి స్టాండ్ మీంచి ముందుకు జారుతుంది. సెంటర్ స్టాండ్ కింద చెక్క పలక, ఇంజన్ కింద ఫ్రేమ్‌కి ఆనేలా దిమ్మ, వెనక సీటు మీద ఇసుక సంచి. స్టాండ్‌ని వెనక వీల్‌కి తాడుతో కట్టేయండి, మడవకుండా. సైలెన్సర్ పైపు మీద మాత్రం బరువు ఆనకూడదు.

పెట్రోల్ ట్యాంక్ దించి వేరే గదిలో పెట్టండి. ఇది సొట్టలు పడకుండా అనే కాదు, తర్వాత ఏదైనా వేడి చేయాల్సి వస్తే పక్కన పెట్రోల్ ఉండకూడదు. బ్యాటరీ కనెక్షన్ కూడా తీసేయండి.

## 4. విప్పే వరస

ఇక్కడ వరస తప్పితే తర్వాత గంటల పని పెరుగుతుంది. వీల్ నేల మీద ఉండగానే, అన్నీ బిగువుగా ఉన్నప్పుడే, మొండి బోల్టుల్ని కొద్దిగా కదిపి ఉంచాలి.

1. ముందురోజు రాత్రి యాక్సిల్ నట్, పించ్ బోల్టులు (ఫోర్క్ పైపుని నొక్కి పట్టేవి), ఫోర్క్ పై మూతలు, కింది అలెన్ బోల్టులు అన్నిటికీ తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి.
2. యాక్సిల్ నట్ స్ప్లిట్ పిన్ తీసి, నట్ ఒక చుట్టు వదులు చేయండి.
3. హ్యాండిల్ విప్పి, కేబుళ్లు ఊడదీయకుండానే గుడ్డ పరిచి వెనక్కి పడుకోబెట్టండి. అప్పుడు పై మూతలకి చోటు దొరుకుతుంది.
4. పై క్రౌన్‌లో (ఫోర్క్ పైపుల్ని పైన కలిపే పలకలో) పించ్ బోల్టు ఉంటే వదులు చేసి, ఫోర్క్ మూతలు పావు చుట్టు తిప్పి వదిలేయండి. కింది టీ (రెండు పైపుల్నీ కింద పట్టి ఉంచే, మెడలోకి కాడ ఉన్న అడ్డపట్టీ) పించ్ బోల్టు మాత్రం ఇంకా ముట్టుకోవద్దు, పైపు తిరగకుండా పట్టి ఉంచేది అదే.
5. ఇప్పుడు బండి లేపి బ్రేక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, వీల్, మడ్‌గార్డ్ ఆ వరసలో తీయండి.
6. ఫోర్క్ బాటమ్ అడుగున లోతులో ఉండే అలెన్ బోల్టుని ఇప్పుడే వదులు చేయండి, స్ప్రింగ్ లోపల ఉండగానే. లోపలి డ్యాంపర్ రాడ్‌ని స్ప్రింగ్ నొక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి బోల్టు తిరుగుతుంది. మూత తీసేశాక ప్రయత్నిస్తే రాడ్, బోల్టు కలిసి గిర్రున తిరుగుతాయి తప్ప ఊడవు. ఇప్పుడూ తిరుగుతోందంటే ఇంకొకరిని బాటమ్ పైకి నొక్కి పట్టమనండి.
7. డూమ్, మీటర్, హెడ్‌లైట్ బ్రాకెట్లు విప్పే వీలున్నంత విప్పి, కింది టీ పించ్ బోల్టు వదులు చేసి, పైపుని మెలితిప్పుతూ కిందికి లాగండి.
8. చివరికి క్రౌన్, రింగ్ నట్, టీ. టీ కిందికి దించే ముందు కింద తెల్ల గుడ్డ పరవండి. బాల్స్ జారిపడి మూలమూలలకీ దొర్లుతాయి. పైవి ఎన్ని, కిందవి ఎన్ని, సైజు ఎంత అన్నది లెక్కపెట్టి వేరువేరు కవర్లలో వేయండి. రెండు వైపులా ఒకటే సైజు అనుకోకండి.

ప్రతి బోల్టూ అది ఉన్న పార్టుతో పాటే ఒక కవర్‌లో పోవాలి. అన్నీ ఒకే డబ్బాలో వేసి "గుర్తుంటుందిలే" అనుకునే పద్ధతికి ఈ పనిలో చోటు లేదు.

## 5. ఫోర్క్ పైపులు: పని మొత్తం ఇక్కడే తేలుతుంది

మూత పూర్తిగా తీసేటప్పుడు మొహం దాని మీద పెట్టకండి. కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, చివరి మర దగ్గర ఎగిరి తగులుతుంది. గుడ్డ వేసి అరచేత్తో గట్టిగా కిందికి నొక్కుతూ తిప్పండి. పాత ఆయిల్ ఒక డబ్బాలోకి వంచి రంగు చూడండి. బూడిద రంగు అంటే లోపల అల్యూమినియం అరుగుతోంది. పాలలా ఉంటే నీళ్లు దిగాయి.

అన్నీ కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, వరసగా ఈ నాలుగు పరీక్షలు చేయండి.

వంకర. గాజు పలక మీద పైపుని దొర్లించండి. తిన్నగా ఉన్నది ఒకే చప్పుడుతో సాఫీగా దొర్లుతుంది, వంకరది ఎత్తెత్తి పడుతుంది. పైపుకీ గాజుకీ మధ్య ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ ఫీలర్ గేజ్ దూర్చి కొలవండి. గుద్దిన బండ్లలో వంపు ఎక్కువగా కింది టీకి కాస్త దిగువనే ఉంటుంది. కొద్ది వంపు అయితే హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపులో తీస్తారు. కానీ పైపు మీద ముడత పడినా, గోరుతో తడిమితే మడత తెలిసినా ఆ పైపు తుక్కు కిందే లెక్క. గ్యాస్‌తో వేడి చేసి వంపు తీస్తామనే వాడి దగ్గర నుంచి పైపు తీసుకుని వచ్చేయండి. వేడికి ఇనుము మెత్తబడుతుంది, క్రోమ్ లేస్తుంది.

తుప్పు గుంతలు. జిప్ టై గీత కింద, అంటే సీల్ తిరిగే మేరలో, గోరు తగిలితే ఆగే గుంత ఒక్కటున్నా కొత్త సీల్ పెదవిని కోసేస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ లీకు రావడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, పాపం సీల్ కంపెనీని తిడతాం. గుంతలు ఆ మేరకి పైన, బ్రాకెట్ల లోపల ఉంటే తుప్పు తుడిచి వదిలేయొచ్చు. సీల్ మేరలో సూదిమొన అంతవి ఒకటి రెండు ఉంటే, 1200 పేపర్ తడిపి పైపు చుట్టూ తిప్పుతూ అంచులు చదును చేసి, రెండు ట్యూబుల ఎపాక్సీ గుంతలో నింపి, గట్టిపడ్డాక 2000తో సమం చేయండి. పని జరుగుతుంది, శాశ్వతం మాత్రం కాదు.

గుంతలు ఎక్కువుంటే రెండే దారులు: కొత్త పైపు, లేదా హార్డ్ క్రోమ్. హార్డ్ క్రోమ్ అంటే మడ్‌గార్డ్‌కి వేసే మెరుపు క్రోమ్ కాదు. పైపుని ముందు గ్రైండ్ చేసి, మందంగా క్రోమ్ ఎక్కించి, మళ్లీ అసలు సైజుకి గ్రైండ్ చేయాలి. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల లాంటి ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఇది చేసే చోట్లు దొరుకుతాయి. ఇచ్చేముందు "ప్లేటింగ్ తర్వాత గ్రైండింగ్ మీరే చేస్తారా, సైజు రాసిస్తారా" అని అడగండి. తల గోక్కుంటే వేరే చోటు చూడండి. పైపు నున్నగా మెరుస్తూ వచ్చినా పై నుంచి కిందిదాకా మూడు చోట్ల వెర్నియర్ పెడితే ఒకే కొలత రావాలి.

బాటమ్ అరుగుదల. మంచి పైపుని బాటమ్‌లో సగం దూర్చి పక్కకి ఊపండి. కొత్త పైపుతోనూ బాగా ఆడుతుంటే బాటమ్ లోపల అరిగింది. ఇలాంటిదానికి ఎంత ఖరీదైన సీల్ వేసినా పైపు ఊగిన ప్రతిసారీ పక్కనుంచి కారుతుంది. బాటమ్ మార్చడమే మందు.

టీ మెలిక. దీన్ని దాదాపు ఎవరూ చూడరు. రెండు తిన్నని పైపుల్ని టీలో పెట్టి, ఒకే ఎత్తులో బిగించి, వాటి మీద అడ్డంగా గాజు పలక ఆనించండి. నాలుగు మూలలూ ఆనాలి. ఒక మూల లేచి టకటకలాడితే టీ మెలిపడింది. ముందు పించ్ బోల్టులు వదిలి, పైపుల్ని మెలితిప్పి సరిచేసి, బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ ఆడితే టీ మార్చండి.

## 6. సీల్, ఆయిల్

పాత సీల్ తీయడానికి స్క్రూడ్రైవర్ వేసి కుమ్మితే అల్యూమినియం అంచు చీరుకుపోతుంది, ఆ గీత గుండానే రేపు ఆయిల్ వస్తుంది. ముందు క్లిప్ తీసి, అంచుకి గుడ్డ మడత పెట్టి, టైర్ లివర్ లాంటి మొద్దు కొన ఉన్నదానితో కొంచెం కొంచెంగా ఎత్తండి. కదలకపోతే బాటమ్‌ని మరిగే నీళ్లలో ఉంచండి, అల్యూమినియం సాగి వదులవుతుంది.

అల్యూమినియం బాటమ్‌ల పెయింట్ తీయడానికి కాస్టిక్ సోడా వాడమని చెప్పేవాళ్లు ఉన్నారు. అది అల్యూమినియాన్నే తినేస్తుంది. పెయింట్ రిమూవర్ వాడండి, లేదా ఓపిగ్గా పేపర్ పట్టండి.

బిగించేటప్పుడు:

- డ్యాంపర్ రాడ్‌ని పైపు లోపల పెట్టి బాటమ్‌లో దించండి. అడుగు అలెన్ బోల్టుకి కొత్త రాగి వాషర్. బోల్టు చివరి బిగువు స్ప్రింగ్, మూత పెట్టాకే.
- పైపు పై అంచుకి పాల ప్యాకెట్ కవర్ తొడిగి, దాని మీద ఫోర్క్ ఆయిల్ రాసి, సీల్ జార్చండి. అంచుకి సీల్ పెదవి తెగకుండా ఉంటుంది. అక్షరాలున్న వైపు పైకి.
- సీల్ మీద పాత సీల్ పెట్టి, పీవీసీ ముక్కతో చుట్టూ సమానంగా తట్టండి. క్లిప్ గాడి పూర్తిగా కనిపించేదాకా దిగాలి. ఒకవైపు దిగి ఒకవైపు లేస్తే ఆపి, సరిచేసి, మళ్లీ.
- క్లిప్, డస్ట్ సీల్.

ఆయిల్ ఎంత అన్నది మాన్యువల్ అంకె ప్రకారం పోయండి. మొత్తం విప్పి కడిగిన ఫోర్క్ పొడిగా ఉంటుంది కాబట్టి, మామూలుగా ఆయిల్ మార్చినప్పటి కంటే కొద్దిగా ఎక్కువ పడుతుంది. రెండిట్లోనూ సిరంజితో కొలిచి సమానంగా పోసి, స్ప్రింగ్ పెట్టకుండా పైపుని పైకీ కిందకీ పదిసార్లు ఆడించి గాలి పోగొట్టండి. తర్వాత ఫోర్క్ పూర్తిగా నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం ఎంత లోతులో ఉందో స్కేలుతో చూడండి. రెండు కాళ్లలో ఆ లోతు ఒకటే ఉండాలి. అసలు నమ్మాల్సింది ఈ కొలతని.

ఇంజన్ ఆయిల్ పోయడం మన దగ్గర పాత అలవాటే. మందం ఎక్కువ, బండి ముందు బిర్రుగా ఉంటుంది, కొందరికి అదే "బాగుంది" అనిపిస్తుంది కూడా. ఫోర్క్ ఆయిల్ సీసా ఖరీదు చూసి మరీ అంత కక్కుర్తి పడాల్సిన పని లేదు.

## 7. కోన్ సెట్

మధ్యలో పట్టేసే హ్యాండిల్‌కి గ్రీజ్ పెడితే, బిగువు సర్దితే పోదు. తిన్నగా నడిచినప్పుడల్లా దెబ్బలు ఒకేచోట తగిలి రేసులో బాల్ అచ్చులు పడ్డాయి. రేసులు, బాల్స్ మొత్తం సెట్టుగా మార్చాలి. కొత్త బాల్స్ పాత రేసులో వేస్తే డబ్బు దండగ.

ఫ్రేమ్ మెడలోని రేసుల్ని లోపల నుంచి పొడుగు కడ్డీతో, అటోదెబ్బ ఇటోదెబ్బ వేస్తూ దించాలి. కడ్డీకి అంచు దొరకనంత నునుపుగా ఉంటే, వెల్డర్‌తో రేస్ లోపల చుట్టూ ఒక వెల్డింగ్ గీత వేయించండి. చల్లారగానే రేస్ కుంచించుకుని దానంతటదే వదులవుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టర్లు ఊడదీశారో లేదో మళ్లీ చూడండి.

కొత్త రేసుల్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పాత రేస్‌ని పైన పెట్టి కొట్టండి. దిగేకొద్దీ చప్పుడు మారుతుంది, అడుగు తగలగానే గట్టిగా టంగుమంటుంది. అక్కడ ఆపండి. చుట్టూ సందు లేదని చూడండి. కింది కోన్ టీ కాడ మీద అడుగుదాకా కూర్చోవాలి.

గ్రీజ్ దండిగా పెట్టి బాల్స్ అతికించండి. చుట్టూ నింపాక ఒక బాల్ పట్టీపట్టనంత సందు మిగలాలి. ఇరికించి ఇంకోటి దూర్చకండి.

బిగువు సర్దడం: రింగ్ నట్‌ని ఆట పోయేదాకా బిగించి, హ్యాండిల్ రెండు వైపులా కొన్నిసార్లు పూర్తిగా తిప్పి, మళ్లీ బిగించి, తర్వాత సుమారు ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి వదలండి. ముందు వీల్ గాల్లో ఉండగా మధ్య నుంచి కొద్దిగా తోస్తే హ్యాండిల్ తన బరువుకి తనే చివరిదాకా పోవాలి. ఫోర్క్ లాగితే టక్ రాకూడదు. పై పెద్ద నట్ బిగించాక ఈ బిగువు మారుతుంది కాబట్టి, అది బిగించాకే చివరి పరీక్ష.

## 8. వీల్, బేరింగులు

బేరింగ్ నంబర్ దాని పక్కనే చెక్కి ఉంటుంది, అదే నంబర్ పేరున్న కంపెనీది రెండువైపులా రబ్బర్ సీల్‌తో తీసుకోండి. ఎక్కించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ అక్కడే పోతుంది.

మొదటి బేరింగ్ అడుగుదాకా దించండి. మధ్య గొట్టం పెట్టడం మర్చిపోతే యాక్సిల్ బిగించగానే బేరింగులు నలిగి వీల్ పట్టేస్తుంది. రెండోది ఆ గొట్టానికి ఆనగానే ఆపండి. వేలు పెట్టి తిప్పితే నున్నగా తిరగాలి.

రిమ్ ఊగు 2 మి.మీ. దాటితే, స్పోక్ నిపుల్స్ తిరుగుతుంటే ఇంట్లోనే కొంచెం కొంచెంగా సర్దుకోవచ్చు. నిపుల్స్ తుప్పుకి పట్టేసి ఉంటే వీల్ కట్టేవాళ్లకి ఇచ్చేయండి, ఆ పనికి చేయి తిరగాలి. ముందు టైర్ 2.50-18. పాతది చూడటానికి బాగున్నా పక్కన నాలుగంకెల తేదీ చదవండి: 2419 అంటే 2019లో 24వ వారం. రిమ్ టేపు కొత్తది వేయండి.

## 9. బ్రేక్: ఉన్నదాన్ని పూర్తిగా పనిచేయించడం

డ్రమ్ చిన్నదే కానీ సరిగ్గా కూర్చుంటే ఈ బండి బరువుకి చాలు. చాలామంది సరిగ్గా కూర్చోబెట్టకుండానే డిస్క్ కన్వర్షన్ గురించి అడుగుతారు.

బ్రేక్ షూల మీది పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం వద్దేవద్దు. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్‌లో కట్టి పారేయండి.

- డ్రమ్ లోపల నాలుగు దిక్కులా వెర్నియర్ పెట్టండి. కొలతల్లో తేడా వస్తే డ్రమ్ గుండ్రంగా లేదు, నొక్కినప్పుడు లివర్ వేలికి కొట్టుకునేది అందుకే. లేత్‌లో సన్నగా తీయించొచ్చు, కానీ మొత్తం అరుగుదల ఒక మి.మీ. మించితే తీయించకండి.
- లైనర్ 2 మి.మీ.కి దగ్గరపడితే షూలు మార్చండి. కొత్త షూల కొన అంచుల్ని కొద్దిగా ఏటవాలుగా రుద్దండి, కీచుమనదు.
- షూలని తెరిచే క్యామ్ కాడ బయటికి తీసి తుప్పు తుడిచి, గ్రీజ్ పలచగా రాయండి. ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ మీదకి వస్తుంది.
- బ్రేక్ పూర్తిగా పట్టినప్పుడు క్యామ్ లివర్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గర్లో, కాస్త తక్కువగా ఉండాలి. దాటిపోతే ఎంత నొక్కినా బలం దిగదు.
- కేబుల్ పాతదైతే మార్చేయండి. సాగిన కేబుల్‌తో బ్రేక్ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

## 10. క్రోమ్, పెయింట్

ఇక్కడిదాకా వచ్చాక, రంగు వేయకుండానే మొత్తం ఒకసారి బిగించి చూడండి. మడ్‌గార్డ్ రంధ్రాలు కలుస్తున్నాయా, వీల్ మధ్యలో ఉందా, హ్యాండిల్ చివరలదాకా తిరుగుతోందా. అన్నీ సరే అనుకున్నాక విప్పి పెయింట్‌కి ఇవ్వండి.

పౌడర్ కోటింగ్ మందంగా వస్తుంది. టీలో పైపు దూరే రంధ్రాలు, రేసులు కూర్చునే చోట్లు, అన్ని మరలు టేపు వేయించి ఇవ్వండి. మడ్‌గార్డ్ క్రోమ్‌కి ఇచ్చేముందు సొట్టలు తీయించాలి, క్రోమ్ సొట్టని దాచదు, ఎత్తి చూపిస్తుంది.

ఫ్రేమ్ మెడ దగ్గర చెక్కిన ఛాసిస్ నంబర్ జాగ్రత్త. దాన్ని గ్రైండర్‌తో రుద్దినా, మందపాటి కోటింగ్‌తో పూడ్చినా ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆర్టీఓ ఆఫీసులో సమాధానం చెప్పుకోలేరు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆ తంతు తప్పదు. "వింటేజ్ కదా" అంటే కుదరదు, 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్లు నిండాలి.

## 11. తిరిగి బిగించే వరస

1. టీ, కోన్ సెట్, క్రౌన్.
2. హెడ్‌లైట్ బ్రాకెట్లు పెట్టి, ఫోర్కులు కింద నుంచి ఎక్కించండి. రెండూ పైన ఒకే ఎత్తుకి రావాలి. పించ్ బోల్టులు చేత్తో ఆనించినంత మాత్రమే.
3. మడ్‌గార్డ్, బోల్టులు ఇంకా లూజ్‌గానే.
4. వీల్ ఎక్కించేటప్పుడు బ్రేక్ ప్లేట్ గాడిలో ఫోర్క్ బాటమ్ మీది బొడిపె కూర్చోవాలి. ఇది మాత్రం రెండుసార్లు చూడండి. అది కూర్చోకపోతే మొదటిసారి బ్రేక్ పట్టగానే ప్లేట్ మొత్తం తిరిగి, కేబుల్ చుట్టేసి, వీల్ లాక్ అవుతుంది.
5. స్పీడోమీటర్ డ్రైవ్ చెవులు హబ్ గాడుల్లో పడ్డాయో లేదో చూసి, యాక్సిల్ తోసి, బ్రేక్ లివర్ పట్టి ఉంచి నట్ బిగించండి. అప్పుడు షూలు డ్రమ్ మధ్యలో కూర్చుంటాయి.
6. బండిని నేల మీదికి దించి, ఫోర్క్‌ని గట్టిగా పదిసార్లు నొక్కి వదలండి. పైపులు వాటికవే సర్దుకుంటాయి.
7. ఇప్పుడు కింది టీ పించ్ బోల్టులు (8 మి.మీ. బోల్టుకి సుమారు 20 న్యూటన్ మీటర్లు), తర్వాత పైవి, ఆఖరున మడ్‌గార్డ్.
8. స్ప్లిట్ పిన్ కొత్తది.
9. కేబుళ్లు, వైర్లు, డూమ్. ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పండి. రేజ్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతోంది.

## 12. బిగించాక తేడా చేస్తే

- ఫోర్క్ నొక్కితే దిగి, మెల్లగా, పట్టుకుంటూ పైకొస్తోంది: పైపులు సమాంతరంగా లేవు. యాక్సిల్, పించ్ బోల్టులు వదిలి 11వ భాగంలోని 6వ అంకె నుంచి మళ్లీ.
- బ్రేక్ వేస్తే టక్‌మంటోంది: కోన్ సెట్ లూజ్, లేదా బ్రేక్ ప్లేట్ గాడిలో ఆట.
- తక్కువ స్పీడులో బండి అటూ ఇటూ తూలుతోంది: కోన్ సెట్ బిగువు ఎక్కువైంది.
- ఒక్క ఫోర్క్ అడుగున తడి: రాగి వాషర్ పాతది, లేదా అలెన్ బోల్టు పూర్తిగా బిగలేదు.
- స్పీడోమీటర్ ముల్లు లేవట్లేదు: డ్రైవ్ చెవులు గాడిలో పడలేదు. అలాగే నడిపితే విరుగుతాయి.

## 13. మొదటి కిలోమీటర్లు

ఖాళీ రోడ్డు మీద 20 స్పీడులో బ్రేక్ పట్టి చూడండి, తర్వాత 40లో. కొత్త షూలు డ్రమ్‌కి ఒదిగేదాకా, దాదాపు మొదటి వంద కిలోమీటర్లు, గట్టిగా కాకుండా మళ్లీ మళ్లీ పడుతూ నడపండి. ఆ దూరంలో దూరప్రయాణాలు, డబుల్స్ వద్దు.

50 కిలోమీటర్లకి ఆపి చూడాల్సినవి:

- యాక్సిల్ నట్, స్ప్లిట్ పిన్
- పించ్ బోల్టులు, మడ్‌గార్డ్ బోల్టులు
- స్పోక్స్, ఒక్కోటీ పానాతో తట్టి వినండి, మొద్దుగా మోగింది లూజ్
- సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ. మొదట్లో పలచటి వలయం కనిపిస్తే అది బిగించేటప్పుడు రాసిన ఆయిలే, తుడిచేయండి. తుడిచాక మళ్లీ వస్తేనే లీకు
- హబ్ మీద చేయి పెట్టి వేడి. కాలేంత ఉంటే బ్రేక్ ఆనుతోంది
- బ్రేక్ కేబుల్ ఆట

500 కిలోమీటర్ల దగ్గర కోన్ సెట్ బిగువు మరోసారి సర్దండి. కొత్త రేసులు ఒదిగాక కాస్త లూజ్ రావడం మామూలే.